సాయంత్రం పూట బడి గేటు తీయించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది తెనాలి. రెండేళ్లుగా మా వీధి పిల్లల్ని పోగేసి ఏడు పెంకులాట ఆడిస్తున్నాను. ఆ ఆటకు కాస్త చోటు అడగడానికే ఈ ఉత్తరం.

మొదట్లో ఐదుగురు వచ్చేవారు. ఇప్పుడు ఆదివారమైతే ఇరవై మందికి తగ్గరు. ఒకటో తరగతి పిల్ల నుంచి తొమ్మిదో తరగతి కుర్రాడి దాకా ఆడా మగా కలిసే ఆడతారు. ఖర్చల్లా ఒక టెన్నిస్ బంతి. పెంకులు పాత ఇల్లు కూల్చిన చోట ఏరుకొచ్చాం. ఇద్దరు నాయకులు నిలబడితే, మిగతావాళ్లు సమ ఉజ్జీలుగా జత కట్టి, చాటుగా పేర్లు పెట్టుకొచ్చి "చందమామ కావాలా, నక్షత్రం కావాలా" అని అడుగుతారు. ఇలా పంచుకుంటే గట్టివాళ్లంతా ఒకే జట్టులోకి పోరు. ఎవరికీ అక్కర్లేని పిల్లాడంటూ చివర్లో ఒకడు మిగిలిపోడు.

మూడు విసుర్లలో పెంకులు పడగొట్టాలి. పడగొట్టినవాళ్లే మళ్లీ ఏడూ పేర్చాలి. ఈలోపు అవతలి జట్టు బంతితో కొట్టి ఔట్ చేస్తుంది. మేం మరో రెండు షరతులు పెట్టుకున్నాం. నడుము కిందే కొట్టాలి. బంతి పట్టుకున్నవాళ్లు పరుగెత్తకూడదు, తమ జట్టులో ఇంకొకరికి అందించాలి. ఈ రెండోది పెట్టాక ఆటే మారిపోయింది. అంతకుముందు ఇద్దరు ముగ్గురు పెద్ద కుర్రాళ్లే బంతితో తిరిగేవారు, ఇప్పుడది అందరి చేతుల్లోకీ వస్తోంది. క్రికెట్‌లో ఒకరు బ్యాటింగ్ చేస్తుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఎదురుచూడాలి. ఇందులో నిలబడితే దెబ్బ తగులుతుంది! చిన్నవాళ్లని ఆటలో అరటిపండు అని పక్కన పెట్టే పని కూడా లేదు. పెద్దవాళ్లు బంతిని అటువైపు మళ్లిస్తుంటే, వంగి గబగబా పేర్చేది వాళ్లే. మొన్న ఆఖరి పెంకు పెట్టింది రెండో తరగతి పాప. ఇంట్లో కూడా నోరు విప్పి మాట్లాడదని వాళ్లమ్మ బాధపడేది. ఆ రోజు చేతులెత్తి అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించింది.

ఇదంతా రోడ్డు మీదే, సార్. బంతి వెనకాల పరుగెత్తిన మూడో తరగతి బాబు ముందు ఓ ఆటో సడన్ బ్రేక్ వేసి ఆగిన రోజు నుంచి నాకు టెన్షన్ తగ్గలేదు.

మా వీధికి దగ్గరలోనే ప్రభుత్వ బడి ఉంది. విశాలమైన గ్రౌండు, రెండు వేపచెట్ల నీడ. సాయంత్రం బడి వదలగానే గేటుకు తాళం. రెండుసార్లు వెళ్లి అడిగాను. "పిల్లలు ఆడుకుంటే నాకూ సంతోషమేనమ్మా. ఎవరికైనా దెబ్బ తగిలినా, కిటికీ పగిలినా జవాబు చెప్పాల్సింది నేనే కదా" అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన చేతిలో ఏ ఉత్తర్వూ లేదు.

ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒంటికి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. గేమ్స్ పీరియడ్‌ని లెక్కలకు ఇచ్చేస్తే ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'ఆడుదాం ఆంధ్రా' ఆటల పోటీలు 15 ఏళ్లు నిండినవాళ్లకే పెట్టారు. మా వీధి పిల్లల్లో ఎవరికీ అందులో చోటు దొరకలేదు. వీళ్లకు కప్పులూ టీషర్టులూ అక్కర్లేదు, నేల చాలు.

అందుకే ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. బడి రోజుల్లో సాయంత్రం రెండు గంటలు, ఆదివారం పొద్దున్న కొంతసేపు గ్రౌండు వరకే తెరవనివ్వండి. తరగతి గదులకు తాళాలు అలాగే ఉండనివ్వండి. తాళం చెవి తల్లిదండ్రుల కమిటీ దగ్గర ఉంచి, ఆడించే పెద్దవాళ్ల పేరు, ఫోన్ నంబరు రిజిస్టర్‌లో రాయించండి. ఆ వేళల్లో ఏదైనా జరిగితే హెడ్మాస్టరు మీదికి రాదని అందులో స్పష్టంగా రాయించండి. అది లేకపోతే ఏ హెడ్మాస్టరూ ధైర్యం చేయరు.

మా బడి రిజిస్టర్‌లో మొదటి సంతకం నేను పెడతాను. ఆట అయ్యాక పెంకులు ఏరి, గేటుకు తాళం వేసి, చెవి తిరిగి అప్పగిస్తాం.

ఇట్లు,
ఏడు పెంకులాట పిల్లల తరఫున
ఒక తల్లి, తెనాలి