నేల కింది తీగలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. నేను పంపిన ‘బిగ్ యామ్ డ్రీమింగ్’ అనే చిత్రం ఫోటోలో నల్లటి కాన్వాసు మీద చిక్కుపడిన తెల్లటి గీతలు తప్ప నీకేమీ కనిపించలేదని రాశావు. దానిని ఏ వైపు నుంచి చూడాలో కూడా అడిగావు. ఆ చిత్రమంటే నాకు ప్రాణం కనుక తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

దానిని 1995లో వేసిన ఎమిలీ కామె ఉంగ్వారే, ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో, ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యాన ఉన్న యుటోపియా ప్రాంతపు అన్మతియర్ ఆదివాసీ జాతి పెద్ద. సుమారు 1910లో పుట్టారు. అల్హల్కెరె ఆమె పితృభూమి. ఆ నేలలో ఒక తీగకు పొడవాటి సన్నని దుంపలు ఊరుతాయి. దుంప ముదిరినప్పుడు పైన నేల బీటలు వారుతుంది. ఆ బీటలను ఆనవాలుగా పట్టుకుని స్త్రీలు తవ్వుకుంటారు. చిత్రం పేరులోని ‘యామ్’ ఆ దుంపే, ‘డ్రీమింగ్’ దాని పూర్వీకుల గాథ. ఆ గాథను, పాటలను కాపాడవలసిన బాధ్యత పుట్టుకతోనే ఆమెకు సంక్రమించింది. కామె అన్న పేరు కూడా ఆ మొక్క విత్తనానిదే. నువ్వు చిక్కు అనుకున్నది ఆ వేళ్ల అల్లిక, ఆ నేల బీటలు, వాటితోపాటు ‘అవెల్యె’ అనే స్త్రీల క్రతువులలో ఎదమీద, భుజాలమీద రంగుమట్టితో దిద్దుకునే చారలు కూడా.

ఈ క్రతువులు కేవలం వేడుకలు కావు. యుటోపియా భూమిపై తమ హక్కును నిరూపించుకోవలసి వచ్చినప్పుడు అక్కడి స్త్రీలు తమ పాటలను, నృత్యాలను సాక్ష్యంగా చూపారు. 1979లో ఆ భూమి వారికి దక్కింది. అంతకు రెండేళ్ల ముందే ఎమిలీ బాతిక్ అనే బట్టల అద్దకపు కళ నేర్చుకున్నారు. మన కలంకారిలో నీలిమందుకు ముందు మైనం పూసినట్టే అందులోనూ మైనంతో గీస్తారు. కాన్వాసు మాత్రం ఆమె చేతికి 1988-89 ప్రాంతంలో, ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డాక వచ్చింది. 1996లో మరణించేలోగా ఆమె వేసిన చిత్రాలు దాదాపు 3,000 ఉంటాయని అంచనా.

కొందరు విమర్శకులు ఆమెను పాశ్చాత్య నైరూప్య చిత్రకారుల పక్కన నిలబెట్టి మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు నచ్చదు. ఏం గీస్తున్నారని అడిగితే ఆమె ‘అంతా’ అని, అవెల్యె, దుంప, ముళ్లబల్లి, గడ్డిగింజలు, ఈమూ అంటూ వరసగా చెప్పేవారు. అంత స్పష్టంగా చెప్పిన మనిషి గీతలకు అర్థం మరొక దేశపు కళాచరిత్రలో వెతకడమెందుకు?

ఇక ఏ వైపు నుంచి చూడాలన్న ప్రశ్న. సుమారు 3 మీటర్ల ఎత్తు, 8 మీటర్ల వెడల్పు గల ఆ కాన్వాసును నేలమీద పరచి, దానిమీదే కూర్చుని, చేతికందినంత మేర గీస్తూ రెండు రోజులలో ఆమె పూర్తిచేశారు. మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా వారు గోడకు తగిలించినా అది నేలను పైనుంచి చూసిన చిత్రమే, కనుక ఫోటోను బల్లమీద పెట్టి ఏ మూల నుంచైనా చూడు. చూశాక నీకేమనిపించిందో వివరంగా రాయి.

నీ మిత్రుడు