వాన రాత్రి హెచ్చరిక దారి తప్పకూడదు: కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ నెట్‌వర్క్‌లు బోధిస్తున్న అధ్యాపకురాలిని. వరదలు, కొండచరియల గురించి ముందుగా హెచ్చరించడానికి, కరెంటు మీటర్ల రీడింగులు సేకరించడానికి ప్రజల సొమ్ముతో ఏర్పాటయ్యే వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌ల టెండర్లలో ఒక షరతు చేర్చవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సెన్సర్ కొలిచిన విలువను గమ్యానికి చేర్చే పని రూటింగ్ సాఫ్ట్‌వేర్‌ది. ఆ సాఫ్ట్‌వేర్ దారి తప్పదని సరఫరాదారు పరీక్షల నివేదికతో సరిపెట్టకుండా గణిత నిరూపణతో చూపాలన్నదే ఆ షరతు. ఇంజనీర్లు దీన్నే ఫార్మల్ వెరిఫికేషన్ అంటారు.

మున్నార్ కొండల్లో అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు నెలకొల్పిన నెట్‌వర్క్ ఇటువంటి వాటికి మన దేశంలోనే ఉన్న మంచి ఉదాహరణ. అక్కడ బోరు రంధ్రాల్లోకి దించిన సెన్సర్లు మట్టిలోని నీటి పీడనాన్ని కొలుస్తాయి. వాన నీరు ఇంకి ఆ పీడనం పెరిగేకొద్దీ మట్టి పట్టు సడలి, చరియ జారే ప్రమాదం దగ్గరపడుతుంది. అటువంటి కొండ మీద చిన్న బ్యాటరీతో నడిచే నోడ్లన్నీ, అంటే సెన్సరూ రేడియో ఉన్న పెట్టెలన్నీ, నేరుగా కేంద్రంతో మాట్లాడలేవు. ఒక నోడ్ తన రీడింగును పక్క నోడుకు అందిస్తుంది, అది దాని పక్కదానికి, అలా చేతులు మారుతూ కబురు గేట్‌వేకు, అంటే కేంద్రానికి దాన్ని అందించే పెట్టెకు, చేరుతుంది. ఎవరి చేతికి ఇవ్వాలో ప్రతి నోడూ తన దగ్గరున్న చిన్న పట్టిక చూసి తేల్చుకుంటుంది. వాన పడితే ఆకులు తడిసి రేడియో తరంగాలను పీల్చుకుంటాయి, పెట్టెల్లోకి నీరు చేరుతుంది, కొమ్మలు విరిగి యాంటెనాల మీద పడతాయి, లింకులు తెగుతాయి, పట్టికలు మారుతాయి. అంటే హెచ్చరిక అత్యవసరమయ్యే గంటా, దారులు కలగాపులగమయ్యే గంటా ఒకటే. మన అంగీకార పరీక్షలు మాత్రం చాలావరకు ఎండ కాసే రోజున, అధికారులు వచ్చి చూసే సమయంలో జరుగుతాయి.

ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మూడేళ్ల కిందట మా విద్యార్థులు నూజివీడు దగ్గర ఒక మామిడి తోటలో నేల తేమ కొలిచేందుకు 12 నోడ్లు అమర్చారు. రూటింగ్ సాఫ్ట్‌వేర్ మేం రాసింది కాదు, కొన్న మాడ్యూళ్లతోనే వచ్చింది. కళాశాల వరండాలో పది రోజులు నడిపి చూస్తే ఒక్క రీడింగూ పోలేదు. తోటలో పెట్టాక, మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి నుంచి పడమటి వైపు వరుసల రీడింగులు ఆగిపోయాయి. వారం తర్వాత వెళ్లి మూతలు విప్పితే 4, 7 నంబర్ల నోడ్లలో బ్యాటరీలు పూర్తిగా అయిపోయి ఉన్నాయి, పక్క చెట్లకు కట్టినవాటిలో ఇంకా నిండుగా ఉన్నాయి. చెట్టు కిందే కూర్చుని లాప్‌టాప్‌కు తగిలించి వాటి మెమరీ చదివాం. గేట్‌వేకు వెళ్లాలంటే 7కు ఇవ్వాలని 4వ నోడ్ పట్టికలో ఉంది. గేట్‌వేకు వెళ్లాలంటే 4కు ఇవ్వాలని 7వ నోడ్ పట్టికలో ఉంది. ప్రతి రీడింగూ ఆ రెంటి మధ్య గానుగెద్దులా తిరిగి తిరిగి, నోడ్ నుంచి నోడుకు అనుమతించిన గెంతుల లెక్క తీరాక అక్కడే రాలిపోయింది. వెనక నుంచి వచ్చిన రీడింగులకూ అదే గతి పట్టింది. నిద్రలో మైక్రోయాంపియర్లతో సరిపెట్టుకునే ఇటువంటి నోడ్ రేడియో మేలుకొని ఉంటే దాదాపు 20 మిల్లీయాంపియర్లు తాగుతుంది. 2500 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ ఆ లెక్కన 125 గంటలు, అంటే అయిదు రోజుల పైచిలుకు మాత్రమే వస్తుంది. నెలల తరబడి నడవాల్సిన నోడ్ వారం తిరగకుండానే ఆగిపోవడానికి కారణం ఇదే.

తోట రైతు పక్కనే నిలబడి అంతా విన్నారు. “నేల ఆరిందో లేదో నేను కాలితో తొక్కి చెప్పగలనమ్మా, ఆ పెట్టె చెప్పలేకపోతే చెప్పలేకపోతున్నానని అయినా చెప్పాలి కదా” అన్నారు. మామిడి తోటలో తొక్కి చూసే మనిషి ఉన్నారు. కొండ లోపల పెరిగే నీటి పీడనాన్ని కాలితో తొక్కి చెప్పగలిగేవారు ఎవరూ లేరు.

ఇది మా ఒక్కరికే ఎదురైన వింత కూడా కాదు. ఈ తరహా నెట్‌వర్క్‌ల కోసం చార్లెస్ పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ రూపొందించిన ఏఓడీవీ అనే రూటింగ్ ప్రోటోకాల్‌ను, అంటే దారి తేల్చే నియమావళిని, ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2003 జులైలో ఆర్‌ఎఫ్‌సీ 3561 అనే పత్రంగా ప్రచురించింది. తక్కువ కరెంటుతో నడిచే జిగ్బీ అనే వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల రూటింగ్‌కు కూడా మూలం అదే. ఇందులో ప్రతి దారికీ ఒక సీక్వెన్స్ నంబరు ఉంటుంది. నంబరు పెద్దదైతే సమాచారం తాజాదని అర్థం. పాత సమాచారాన్ని ఎవరూ నమ్మరు కాబట్టి లూపులు, అంటే మా తోటలో 4, 7 నోడ్ల మధ్య పడినటువంటి చుట్లు, పడవన్నది రూపకర్తల ఆలోచన. ఆలోచన చక్కనిదే. కానీ ప్రమాణం ఇంకా ముసాయిదా దశలో ఉండగానే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కార్తికేయన్ భార్గవన్, డావర్ ఒబ్రడోవిచ్, కార్ల్ గంటర్ అనే ముగ్గురు దాన్ని సాఫ్ట్‌వేర్ నమూనా చేరగల స్థితులన్నిటినీ వెతికి చూసే స్పిన్ అనే మోడల్ చెకర్‌తోనూ, కంప్యూటర్‌లో గణిత నిరూపణలు సరిచూసే మరో సాధనంతోనూ పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. వారు చూపిన లోపం మూడు నోడ్లతోనే పుడుతుంది కాబట్టి ఇక్కడే వివరిస్తాను.

క అనే నోడ్ గ అనే గమ్యానికి ఖ ద్వారా వెళుతోందనుకుందాం. ఖ, గ మధ్య లింకు తెగింది. ఖ ఆ సంగతి క కు చెప్పింది, కానీ ఆ కబురు గాలిలోనే పోయింది. కొంతసేపటికి ఖ తన పాత దారిని గడువు తీరిందని పట్టికలోంచి చెరిపేసింది. దానితోపాటు తనకు తెలిసిన సీక్వెన్స్ నంబరు కూడా చెరిగిపోయింది. మళ్లీ గ కు దారి కావాల్సి వచ్చి ఖ చుట్టుపక్కల అడిగితే, “నాకు తెలుసు” అని క జవాబిచ్చింది. క కు తెలిసిన దారి ఖ మీదుగా వెళ్లే దారే. ఆ జవాబు పాతదని గుర్తుపట్టడానికి ఖ దగ్గర ఇప్పుడు ఏ నంబరూ లేదు. నమ్మింది, లూపు పడింది. ఇందులో ఏ నోడూ చెడిపోలేదు, ఏ లైనూ తప్పుగా టైపు కాలేదు, ప్రతి నోడూ తనకు చెప్పిన నియమాన్నే పాటించింది. ఒక కబురు పోవడం, ఒక గడువు తీరడం, ఒక ప్రశ్న అడగడం అదే వరుసలో జరిగితే చాలు. వరండాలో పది రోజుల్లో ఆ వరుస ఒక్కసారి కూడా రాకపోవచ్చు.

ప్రమాణం వెలువడిన పదేళ్ల తర్వాత, 2013లో, ఆస్ట్రేలియాలో రాబ్ వాన్ గ్లాబీక్, పీటర్ హాఫ్నర్, వారి సహచరులు మరింత కలవరపెట్టే విషయం చూపించారు. ఆర్‌ఎఫ్‌సీ 3561లోని వాక్యాలు కొన్నిచోట్ల అస్పష్టంగా ఉన్నాయి. చదివే ఇంజనీరు వాటిని ఒక రకంగా అర్థం చేసుకుంటే లూపులు పడవు, అంతే సహేతుకమైన మరో రకంగా అర్థం చేసుకుంటే పడతాయి. కాబట్టి టెండరులో “ఫలానా ప్రమాణానికి అనుగుణంగా ఉండాలి” అని రాసినంత మాత్రాన మనకు దక్కే భద్రత ఏమీ లేదు. ఇద్దరు సరఫరాదారులు ఒకే ప్రమాణానికి నిజాయితీగా కట్టుబడి, ఒకరు సరైన నెట్‌వర్కునూ మరొకరు లూపులు పడే నెట్‌వర్కునూ ఇవ్వగలరు.

మరిన్ని పరీక్షలు చేస్తే సరిపోదా అని మీ అధికారులు అడగవచ్చు. మా తోటలోని 12 నోడ్లలో 66 జతలున్నాయి. ఒక్కో జత మధ్య లింకు ఉండవచ్చు, తెగవచ్చు. అలా ఏర్పడే అమరికలే రెండును 66 సార్లు గుణించినన్ని, అంటే ఏడు లక్షల కోట్ల కోట్లకు పైగా. ఏ కబురు ముందు అందింది, ఏది పోయింది అన్నది ఇంకా లెక్కలోకి రానేలేదు. నిరూపణ ఈ అమరికలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టదు. ఏఓడీవీ విషయంలో అది పట్టుకునే సూత్రం ఇది: గమ్యం వైపు ఏ నోడ్ నుంచి తర్వాతి నోడుకు వెళ్లినా సీక్వెన్స్ నంబరు తగ్గకూడదు, నంబరు సమానంగా ఉంటే గమ్యానికి మిగిలిన గెంతుల సంఖ్య తప్పక తగ్గాలి. ఈ సూత్రం నిలిచినంతకాలం బయలుదేరిన చోటికే తిరిగి రావడం అసాధ్యం. ఇక ప్రోటోకాల్‌లోని ప్రతి అడుగూ, అంటే కబురు అందడం, గడువు తీరడం, లింకు తెగడం వంటివన్నీ, ఈ సూత్రాన్ని చెడగొట్టవని చూపితే పన్నెండు నోడ్లకైనా పన్నెండు వేల నోడ్లకైనా అదే నిరూపణ చాలుతుంది. ఆస్ట్రేలియా బృందం ఈ పనిని ముందు కాగితం మీద చేసింది. తర్వాత ఆ నిరూపణను ఇసబెల్ అనే సాధనంలోకి ఎక్కించి కంప్యూటర్ చేత ప్రతి అడుగూ సరిచూపించారు.

ఈ పద్ధతి పరిమితులను దాచి మీకు సిఫారసు చేయడం నాకు ఇష్టం లేదు. నిరూపణ శ్రమతో కూడుకున్నది. 2009లో పూర్తయిన ఎస్‌ఈఎల్‌4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో, అంటే దాని మూల భాగంలో, ఉన్నవి సీ భాషలో రాసిన దాదాపు 8,700 లైన్లే అయినా, వాటి నిరూపణకు రాసినవి సుమారు 2 లక్షల లైన్లు. పైగా నిరూపించిన భాగానికే హామీ ఉంటుంది. నాసా తన డీప్ స్పేస్ 1 వ్యోమనౌకను నడిపే రిమోట్ ఏజెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగాన్ని 1997లో స్పిన్‌తో పరిశీలించి లోపాలు పట్టుకుంది. 1999 మేలో నౌక అంతరిక్షంలో ఉండగా, పరిశీలించని మరో భాగంలో అదే తరహా లోపం వల్ల ప్రోగ్రాం స్తంభించిపోయింది. ఈ ఉదంతం తెలిసినదాన్ని కాబట్టే మొత్తం వ్యవస్థను నిరూపించమని నేను కోరడం లేదు. హెచ్చరిక మోసే దారి, దాన్ని తేల్చే నియమాలు, ఇంత భాగం చాలు. అది వేల లైన్ల పని, లక్షల లైన్లది కాదు.

మన దగ్గర మనుషులు లేరన్న మాటా నిలవదు. 1994లో పెంటియం చిప్ భాగహారంలో దొర్లిన తప్పు ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల నష్టం తెచ్చాక చిప్ పరిశ్రమ ఫార్మల్ వెరిఫికేషన్‌ను గట్టిగా పట్టుకుంది. ఈ రోజు హైదరాబాద్, బెంగళూరు డిజైన్ కేంద్రాల్లో మన పిల్లలు చిప్‌ల కోసం ఈ పనిని రోజువారీ ఉద్యోగంగా చేస్తున్నారు. సెల్‌ఫోన్‌లోని చిప్‌కు మనం ఇస్తున్న శ్రద్ధ, కొండ కింద నిద్రపోయే ఊరికి కబురు మోసే పెట్టెకు ఇవ్వకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

అందువల్ల మీ శాఖ పరిధిలో పరీక్షలు, నాణ్యతా ధ్రువీకరణ చూసే ఎస్‌టీక్యూసీ డైరెక్టరేట్ ద్వారా ఒక నమూనా టెండరు నిబంధనను రూపొందించి రాష్ట్రాలకు పంపవలసిందిగా కోరుతున్నాను. సరఫరాదారు రూటింగ్ నియమాలను మోడల్‌గా రాసి, లూపు పడదన్న నిరూపణతో సహా అందజేయాలని అందులో ఉండాలి. కొన్ని ప్రోటోకాల్‌లు లూపును ముందే పూర్తిగా ఆపవు, పడ్డాక గుర్తించి తెంపుతాయి. రీడింగులను ఒకదానికొకటి అందించుకునే మెష్ కరెంటు మీటర్లలో కనిపించే ఆర్‌పీఎల్ అనే ప్రోటోకాల్ ఆ కోవలోదే. వాటికి లూపు ఎంత గడువులోగా తెగుతుందో నిరూపించమనాలి. ఆ మోడల్‌ను వాణిజ్య రహస్యం పేరుతో దాచకుండా బహిరంగంగా ఉంచాలి, ఎందుకంటే దానిలో తప్పు వెతకగలిగే కళ్లు కళాశాలల్లోనే ఎక్కువ ఉన్నాయి. ఆ తోట రైతు కోరినదీ చేర్చండి: ఒక నోడ్ నుంచి నిర్ణీత సమయంలో రీడింగు రాకపోతే ఆ మౌనాన్నే హెచ్చరికగా కేంద్రం చూపాలి. దేశమంతటికీ ఒకేసారి వర్తింపజేయడం కష్టమైతే, ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ హైదరాబాద్ కేంద్రానికి ఒక కొండ ప్రాంతపు నెట్‌వర్కును అప్పగించి, వచ్చే నైరుతి రుతుపవనాలకు ముందే మొదలుపెట్టించండి.

4, 7 నోడ్ల మెమరీ నుంచి మేం తీసిన లాగ్‌లు, ఆ తర్వాత మా విద్యార్థులు స్పిన్‌లో రాసిన మోడల్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ కార్యాలయం కోరిన రోజే పంపగలను.

భవదీయురాలు,
కంప్యూటర్ నెట్‌వర్క్‌ల అధ్యాపకురాలు,
కృష్ణా తీరం