వరండా గోడమీది ‘యాంట్‌మ్యాన్’ చార్టుల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం నుంచి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చంతా చదివాను. తొమ్మిదో తరగతి పిల్లలకు బడిలో ‘యాంట్‌మ్యాన్’ సినిమా చూపించి, అందులో తప్పులు వెతికించి, ఆ చార్టులు వరండాలో ఎందుకు అతికించారని అడుగుతున్నారు. సిలబస్ వెనకబడుతుందని కొందరి భయం. పిల్లలు ప్రాణంగా చూసుకునే హీరోను చులకన చేస్తున్నామని కొందరి బాధ. ఇంట్లో ఏ సినిమా పెట్టినా పక్కన చేరి “అదెలా కుదురుతుంది నాన్నా?” అని ప్రాణం తీస్తున్నారని మరికొందరి ఫిర్యాదు.

జవాబుకు ముందు మామూలు సంగతులు: ఎఫ్‌ఏ-2 ప్రోగ్రెస్ కార్డులు శుక్రవారం ఇస్తాం, సంతకం పెట్టి సోమవారం పంపండి, టీడీ టీకా అంగీకార పత్రం ఇవ్వనివాళ్లు రేపే ఇవ్వండి, రెండో టర్మ్ బస్సు ఫీజు ఆఫీసులో తీసుకుంటున్నారు.

ఇక సిలబస్ మాట. వాడుకున్నది శనివారం మధ్యాహ్నం క్లబ్బు సమయం, పాఠాల పీరియడ్లు కావు. పైగా ద్రవ్యరాశి, సాంద్రత, పీడనం, ఉత్ప్లవన బలం, ఈ నాలుగూ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రమే. 2015లో పేటన్ రీడ్ తీసిన ఈ సినిమాను ఎంచుకోవడానికి కారణం కూడా అదే. చాలా సూపర్‌హీరో సినిమాలు “అతనికి శక్తులున్నాయి” అని ఊరుకుంటాయి. ఇది అలా ఊరుకోలేదు. ముసలి శాస్త్రవేత్త హ్యాంక్ పిమ్ చేత తన నియమాన్ని చెప్పించింది: పిమ్ కణాలు పరమాణువుల మధ్య దూరాన్ని తగ్గిస్తాయి, దాంతో సాంద్రతా, బలమూ పెరుగుతాయి. అంటే మనిషి చిన్నవాడవుతాడు కానీ బరువు తగ్గదు. నియమం తనే చెప్పింది కాబట్టి ఆ నియమంతోనే దాన్ని నిలదీయొచ్చు.

తప్పులు వెతకడమంటే నోటికొచ్చినట్టు ఎగతాళి చేయడం కాదు, దానికో పద్ధతి పెట్టాం. మొదటిసారి పెన్ను ముట్టుకోనివ్వలేదు. 117 నిమిషాలూ హాయిగా, నవ్వుతూ, ఈలలు వేస్తూ చూశారు. రెండోసారి కావలసిన సన్నివేశాలు మాత్రమే వేసి, నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయించాం: ఎన్నో నిమిషం, సినిమా చెప్పిన నియమం, దాన్ని మీరిన సన్నివేశం, సినిమా తరఫున మనం చెప్పగలిగిన గట్టి సమాధానం. నాలుగో గడి ఖాళీగా ఉన్నది ఏదీ చార్టుకు ఎక్కలేదు. ఎక్కువమంది చతికిలబడేది అక్కడే. తప్పు దొరికిన సంబరంలో అవతలి వాదన ఆలోచించరు.

తప్పులా కనిపించి తప్పు కానివాటిని ఏరేయడం ఇంకా కష్టం. మనిషి చీమంత అవడం తప్పు కాదు. కథ మనల్ని అడిగిన మొదటి వరం అది, ఇచ్చేశాం. “సూపర్‌హీరోల దండు అవెంజర్స్‌ని పిలవొచ్చు కదా?” అన్న ప్రశ్న దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంది. సినిమాలో యాంట్‌మ్యాన్‌గా మారే స్కాట్ కూడా అదే అడుగుతాడు. ఈ పరిజ్ఞానం అవెంజర్స్‌లోని ఐరన్‌మ్యాన్ ఇంటివాళ్లయిన స్టార్క్ కుటుంబం చేతిలో పడకూడదనే తాను సగం జీవితం గడిపానని హ్యాంక్ చెబుతాడు. సమాధానం కథలోనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న కొట్టేశాం. ఒక షాటులో ఎడమ చేతిలో ఉన్న వస్తువు తర్వాతి షాటులో కుడి చేతిలోకి రావడంలాంటివి ఎడిటింగ్ పొరపాట్లు. వాటికి వేరే కాగితం.

అసలు తప్పు ఎక్కడుందో 9-బి అమ్మాయి ఒకే వాక్యంలో రాసింది: “కొట్టేటప్పుడు నిండు మనిషి బరువు, ఎక్కేటప్పుడు చీమ బరువు.” చీమంత ఉండి గుద్దితే ఎదుటివాడు ఎగిరి పడాలంటే 80 కిలోలు ఉండాలి. అదే స్కాట్ రెక్కల చీమ మీద ఎక్కి ఎగురుతాడు, తిరుగుతున్న గ్రామఫోన్ రికార్డు మీద పరుగెత్తుతాడు. హ్యాంక్ అయితే నిజమైన యుద్ధట్యాంకును కుదించి తాళాల గుత్తికి తగిలించుకుని తిరుగుతాడు. పదుల టన్నుల ట్యాంకు జేబులో ఎలా ఉంది?

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. వాళ్ల నాన్నగారి పాదాలు రెండూ గ్రాఫు కాగితం మీద గీసి గళ్లు లెక్కపెడితే సుమారు 400 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. 80 కిలోల మనిషి బరువు 784 న్యూటన్లు, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 న్యూటన్లు. ఆరడుగుల మనిషిని, అంటే సుమారు 180 సెంటీమీటర్లను 1.2 సెంటీమీటర్లకు కుదిస్తే ఎత్తు 150 రెట్లు తగ్గుతుంది. పాదాల వైశాల్యం 150 రెట్లు కాదు, 150ని 150తో గుణించినంత, అంటే 22,500 రెట్లు తగ్గుతుంది. క్లాసులో సగంమంది తప్పింది ఇక్కడే. బరువు మారదు కాబట్టి పీడనం అన్ని రెట్లూ పెరిగి చదరపు మిల్లీమీటరుకు సుమారు 440 న్యూటన్లవుతుంది. మన ఇళ్లలో వాడే ఎం-20 కాంక్రీటు తట్టుకునేది 20 న్యూటన్లే. స్కాట్ మొదటిసారి చిన్నవాడయ్యే స్నానాల తొట్టి సంగతి సరే, యాంట్‌మ్యాన్ స్లాబు మీద నిలబడినా దిగబడిపోవాలి. ఆ పేజీ చూసి మా ఫిజిక్స్ మాస్టారు కాసేపు మాట్లాడలేకపోయారు.

9-ఎ అబ్బాయిలు ఇద్దరు దీన్నే తిరగేశారు. పతాక సన్నివేశంలో థామస్ అనే బొమ్మ రైలింజను భారీగా పెరిగి ఇంటి గోడ బద్దలు కొట్టుకుని బయటపడుతుంది. పెరిగినా బరువు బొమ్మదే కదా? తమ్ముడి బొమ్మ ఇంజనొకటి తెచ్చి తూస్తే 100 గ్రాములు. ఘనపరిమాణం కోసం కొలజాడీ నీళ్లలో ముంచితే మొదట లెక్క తక్కువ వచ్చింది, ఎందుకంటే అతుకుల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోయాయి. సందులన్నీ టేపుతో మూసి, తేలిపోకుండా సన్నని సూదితో అదిమి పట్టి కొలిస్తే 160 మిల్లీలీటర్లు. పొడవు 50 రెట్లు పెరిగితే ఘనపరిమాణం 1,25,000 రెట్లు, అంటే 20 ఘనపు మీటర్లు. అంత చోటులో ఉండే గాలి బరువే సుమారు 24 కిలోలు. 100 గ్రాముల ఇంజను గోడ పగలగొట్టడం మాట అటుంచి, గాలిలోకి లేచిపోవాలి! ఉత్ప్లవన బలం పాఠం ఆ ఇద్దరికీ ఇక జన్మలో మరపుకు రాదు.

పరమాణువుల మధ్య ఖాళీ తగ్గించి పరమాణువుకన్నా చిన్నగా ఎలా అవుతారు, 1987లో క్షిపణిని ఆపబోయి హ్యాంక్ భార్య ఆ సూక్ష్మలోకంలోకి ఎలా జారిపోయింది అన్న ప్రశ్న ఇంకో అమ్మాయిది. దానికి నాలుగో గడిలో ఎవరూ గట్టి సమాధానం రాయలేకపోయారు. బరువు సంగతికి మాత్రం, ఎప్పుడూ నోరు మెదపని 9-సి అబ్బాయి రాశాడు: హ్యాంక్ తన సూత్రాన్ని లోకం నుంచి దాచిపెట్టిన మనిషి, కాబట్టి స్కాట్‌కు చెప్పింది సగమే అయివుండొచ్చు. అరగంటసేపు క్లాసంతా దానిమీదే వాదించుకుంది. ఆ బిడ్డ తల్లిదండ్రులు ఈ ఉత్తరం చదువుతుంటే, ఈ సాయంత్రం వాడి చేత ఆ వాదన చెప్పించుకుని వినండి.

నాకు ఈ పని మీద ఎందుకింత పట్టుదలో చెబుతాను. మన పిల్లలకు రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి గట్టిగా చెబుతూనే ఉంటారు: ప్రకటనలు, ఫార్వర్డు మెసేజీలు, ఎన్నికల ప్రసంగాలు, చివరికి మా పాఠ్యపుస్తకాలు. “మీరే చెప్పిన మాట ఇది, మీరే చేసిన పని ఇది, రెండూ పొసగడం లేదు” అని ఆధారం చూపించి, అవతలివాళ్ల వాదన కూడా న్యాయంగా చెప్పి, గొంతు పెంచకుండా మాట్లాడటం వాళ్లకు రావాలి. అది ద్వేషించే సినిమాతో రాదు. ప్రేమించే సినిమాతోనే వస్తుంది, ఎందుకంటే ప్రేమించినదాన్నే మళ్లీ మళ్లీ, శ్రద్ధగా చూస్తాం. చార్టులు రాసిన పిల్లలకు యాంట్‌మ్యాన్ మీద ఇష్టం రవ్వంత కూడా తగ్గలేదు. కావాలంటే అడిగి చూడండి.

ఇక మీరు తప్పుగా అనుకోరన్న నమ్మకంతో కొన్ని మాటలు. కొన్ని చార్టులు స్పష్టంగా పెద్దవాళ్ల దస్తూరీలో వచ్చాయి, కొన్నిట్లో ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసిన జాబితాలు అతికించి ఉన్నాయి. మీ శ్రమకు కృతజ్ఞతలు, కానీ అవి గోడకు ఎక్కలేదు, ఎక్కవు. రాత్రి పదకొండింటికి ఫోనులో ఒకటిన్నర వేగంతో సినిమా చూసిన పిల్లలు పొద్దున్న మొదటి పీరియడులో నిద్రపోతున్నారు. అంత వేగంలో చూసినవాళ్లకు నియమం చెప్పిన డైలాగే వినిపించలేదని పుస్తకాలు చూస్తే తెలిసిపోతోంది. దయచేసి తొమ్మిదిన్నరకు ఫోను మీ గదిలో పెట్టుకోండి. “అదెలా కుదురుతుంది?” అని బిడ్డ అడిగితే “నోరు మూసుకుని చూడు” అనకండి. “ఏ సన్నివేశంలో?” అని ఒక్క మాట అడగండి చాలు.

వచ్చే శనివారం 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ వేస్తున్నాం. అందులో హీరో చేసినట్టు భూమిని వెనక్కి తిప్పితే కాలం వెనక్కి పోతుందా, భూమధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న నేల ఉన్నట్టుండి ఆగితే దానిమీద ఉన్నవాటి గతేమిటి అన్నవి ముందే ఆలోచించుకుని రమ్మన్నాం. గ్రాఫు పుస్తకం, స్కేలు తప్పనిసరి. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు ఉన్నవాళ్లు పేరు రాసి పంపితే సోమవారం భద్రంగా తిరిగి ఇస్తాం. సినిమా నిడివి 143 నిమిషాలు కాబట్టి పిల్లలు ఆ రోజు ఐదున్నరకు గానీ బయటికి రారు. ఆటోవాళ్లకు ముందే చెప్పండి, అనుమతి పత్రం గురువారంలోగా క్లాసు టీచరుకు అందించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు