సర్వర్లు కొనే ముందు క్వెరీలు చూడండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ప్రభుత్వ పోర్టల్ ఏది మొరాయించినా జనం వినే మాట ఒక్కటే: "సర్వర్ డౌన్, రేపు రండి." ఆ వెనకే ఇంకా పెద్ద సర్వర్లు కావాలంటూ ఫైలు కదులుతుంది. డేటాబేస్‌లతో రోజూ కుస్తీ పట్టేవాడిగా నా విన్నపం: ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు క్వెరీ ప్లాన్ చూపించమని అడగండి. డేటాబేస్‌ని అడిగే ప్రశ్నే క్వెరీ, దానికి జవాబు ఏ దారిలో వెతుకుతుందో చెప్పేది ప్లాన్.

మొబైల్ నంబర్ కొట్టి దరఖాస్తు స్టేటస్ చూసుకునే పేజీనే తీసుకుందాం. టేబుల్లో నంబర్‌ని టెక్స్ట్‌గా దాచారు, పుస్తకం చివరి పదసూచికలా వెంటనే వెతికిపెట్టే ఇండెక్స్ కూడా వేశారు. ప్రోగ్రాం రాసినవాళ్లు మాత్రం కొటేషన్ గుర్తులు లేకుండా దాన్ని అంకెగా పంపారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో అప్పుడు ఆ ఇండెక్స్ ఉన్నా లేనట్టే. కోటి రికార్డులుంటే కోటీ చదువుతుంది, ఒక్కొక్కదాన్నీ అంకెగా మార్చి పోల్చి చూస్తుంది. ఆ గుర్తులు పెట్టి ఉంటే ఇండెక్స్‌లో మూడు నాలుగు మెట్లు దిగేసరికి దొరికే సమాధానమది! టెస్టింగ్‌లో వెయ్యి రికార్డులతో సరిపెడతారు కాబట్టి ఈ జబ్బు అప్పుడు బయటపడదు. ర్యామ్ పెంచితే కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే.

పేరుతో వెతకడం ఇంకో తలనొప్పి. శ్రీనివాస్‌ని ఇంగ్లిష్‌లో ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాస్తుంది. అందుకని ముక్క ఎక్కడున్నా పట్టుకొచ్చేలా ముందూ వెనకా పర్సంట్ గుర్తులతో (అక్కడ ఏ అక్షరాలైనా ఉండొచ్చని అర్థం) లైక్ క్వెరీ రాసేస్తారు. మొదటి అక్షరాలు తెలియనిదే అక్షర క్రమంలో పేర్చే మామూలు బీ-ట్రీ ఇండెక్స్ పనిచేయదు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో దీనికోసమే, మాటను మూడేసి అక్షరాల ముక్కలుగా చేసి దాచే ట్రైగ్రామ్ ఇండెక్స్ ఉంది, పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ ఎవరికీ ఎందుకు కనబడవంటే, మైఎస్‌క్యూఎల్‌లో నెమ్మదైన క్వెరీలను రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసినా, మనం మార్చకపోతే 10 సెకన్లు దాటినవే రాస్తుంది. కౌంటర్ దగ్గర తొమ్మిది సెకన్లు నిలబడ్డ పెద్దాయన దాని లెక్కలోకే రాడు.

టెండర్లలో అప్‌టైమ్ (సర్వర్ ఆగకుండా నడిచే సమయం) షరతు పెడతారు. పేజీ తెరుచుకోవడానికి నలభై సెకన్లు పట్టినా అది అప్‌టైమే కదండీ! దాని పక్కనే ఇంకొన్ని రాయించండి: అసలు డేటా ఎంతుంటుందో అంత డేటాతోనే టెస్టింగ్ జరగాలి, లాగ్ హద్దు ఒక సెకనుకు దించాలి, అన్నిటికన్నా నెమ్మదైన పది క్వెరీల జాబితా వారం వారం శాఖకు అందాలి.

నడుస్తున్న డేటాబేస్‌ని ముట్టుకుంటే ప్రమాదమని కాంట్రాక్టర్లు అంటారు. కొంత నిజమే. ఇండెక్స్‌లు ఎడాపెడా వేస్తే కొత్త రికార్డులు ఎక్కడం నెమ్మదిస్తుంది. కానీ దరఖాస్తులు ఆగకుండానే ఇండెక్స్ కట్టే వీలు పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. అన్నీ చూశాక కూడా సర్వర్ చాలడం లేదని తేలితే నిశ్చింతగా కొనండి.

అన్ని శాఖలూ ఒకేసారి అక్కర్లేదు. ఎక్కువ ఫిర్యాదులొచ్చే ఒక్క పోర్టల్‌తో ఈ నెలే మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్