లాసెట్‌కు ముందు ఒక వేసవి జనం మధ్య

సంపాదకుడు గారికి నమస్కారం.

లా కాలేజీల్లో సీటు కోసం రాసే లాసెట్, క్లాట్ ప్రవేశ పరీక్షల నోటిఫికేషన్లు వచ్చే రోజుల్లో పత్రికల నిండా కోచింగ్ ప్రకటనలే కనిపిస్తాయి. పిల్లలు మోడల్ పేపర్లు తిరగేస్తుంటారు, తల్లిదండ్రులు ఫీజుల లెక్కలు వేస్తుంటారు. ఈ హడావుడిలో ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు. లాయర్ కావాలనుకునే ఆ పిల్ల గానీ పిల్లవాడు గానీ, న్యాయం కోసం తిరుగుతున్న మనిషి పక్కన ఒక పూటైనా కూర్చున్నారా?

నేను ఉపాధ్యాయురాలిగా రిటైరయ్యాక పారా లీగల్ వలంటీరుగా, అంటే లాయర్ కాకపోయినా న్యాయ సేవాధికార సంస్థ తరఫున జనానికి న్యాయ సహాయం అందే దారి చూపే మనిషిగా, పనిచేస్తున్నాను. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. ఈ మాట తెలియనివాళ్లు ఇప్పటికీ ఎంతమంది ఉన్నారో మా బల్ల ముందు వారం రోజులు కూర్చుంటే తెలుస్తుంది. కొడుకు జైల్లో ఉంటే లాయర్ ఫీజు కోసం పుస్తెలు తాకట్టు పెట్టి, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చిన తల్లులను చూశాను. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఒక్క ఫోన్ చేస్తే చాలని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో లాసెట్‌కు చదువుతున్న ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, అధికారుల అనుమతితో నాకు సాయంగా వచ్చారు. అబ్బాయి చురుకైనవాడు. రాజ్యాంగ అధికరణలు నోటికి వచ్చు. ఒకరోజు భర్త వదిలేసిన ఒకావిడ వస్తే, ఆమె చెప్పింది విని అర్జీ రాయమన్నాను. ఆమె పెళ్లినాటి సంగతితో మొదలుపెట్టింది. మధ్యలో అత్తగారి గురించి, అప్పుల గురించి చెప్పి, తిరిగి ఆ పెళ్లినాటి సంగతికే వచ్చింది. అబ్బాయి రెండు పేజీలు రాశాడు. భరణం కోరుతూ పద్ధతిగా, తప్పులు లేకుండా రాశాడు. చదివి వినిపిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. "భరణం సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు నా కూతురి టీసీ ఇప్పించండి. అది ఆయన దగ్గరే ఉంది. కాలేజీలో చేర్చే గడువు దాటిపోతోంది" అంది.

ఆ మాట ఆమె అంతకుముందే మూడుసార్లు చెప్పింది. ఏ సెక్షన్ కింద రాయాలా అన్న ఆలోచనలో అబ్బాయి చెవికి అది ఎక్కలేదు. కేసు దాకా వెళ్లకుండానే ఇరుపక్షాలనూ పిలిచి మాట్లాడించే వీలు మా దగ్గర ఉంది. భర్తను పిలిపించారు, టీసీ చేతికొచ్చింది, ఆ పిల్ల కాలేజీలో చేరింది. భరణం కేసు ఆ తర్వాత నడిచింది.

దీన్ని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రవేశ పరీక్షలో ఈ సంగతి నేర్పే చోటు లేదు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. క్లాట్‌లోనూ 120 ప్రశ్నలే, రెండు గంటలు. అక్కడ ఇచ్చే సమస్యలో ఎవరు ఎవరికి ఏం చేశారో ముందే రాసి ఉంటుంది. బయట ఎవరూ అలా రాసి ఇవ్వరు. ఏడుస్తూ, దాస్తూ, ఒక్కోసారి కోపంతో అబద్ధమూ కలిపి చెబుతారు. అందులోంచి అసలు కావలసినదేమిటో పట్టుకోవడమే లాయర్ మొదటి పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కాలేజీలో చేరాక ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా అనవచ్చు. నిజమే, బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు చేయాలి. కానీ అప్పటికే ఫీజు కట్టేసి ఉంటారు, ఇంట్లో అందరికీ లాయర్ అని చెప్పేసి ఉంటారు. ఈ పని నాకు పడుతుందా లేదా అని చూసుకోవలసింది అంతకుముందే. పైన చెప్పిన అబ్బాయి చివరికి లాసెట్ రాయలేదు. "మేడం, వీళ్ల బాధలు విన్న రోజు రాత్రి నిద్ర పట్టట్లేదు, టెన్షన్‌గా ఉంటోంది" అన్నాడు. ఎకనామిక్స్‌లో పీజీకి వెళ్లాడు. ఆ వేసవి వాడికి వృథా అయిందని నేననుకోను, మూడేళ్లు మిగిల్చింది. అమ్మాయి లా కాలేజీలో చేరింది, ఇప్పటికీ సెలవులిస్తే మా దగ్గరికి వస్తుంది.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో లాయరుగా నమోదు కావాలంటే 50 గంటల ఉచిత న్యాయ సేవ చేసి ఉండాలన్న నిబంధన ఉంది. ఇక్కడ సీటు ఇచ్చే ముందే అలాంటిది పెడితే బాగుంటుందని మొదట్లో నాకూ అనిపించింది. ఇప్పుడు వద్దనే అంటాను. సేవకు మార్కులు కలిపిన మరుసటి రోజే సర్టిఫికెట్లు అమ్మకానికి వస్తాయి. పలుకుబడి ఉన్న ఇంటి పిల్లలకు అవి ఇంటికే చేరతాయి, పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదివే పిల్లలు వెనకబడతారు. కాబట్టి నేను బలవంతం అడగడం లేదు, తలుపు తెరవమంటున్నాను.

పారా లీగల్ వలంటీర్ల పథకం 2009 నుంచి ఉంది. లా విద్యార్థులు, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు అందులో పనిచేయవచ్చు. లా చదవాలనుకుంటున్న డిగ్రీ పిల్లలకు కూడా వేసవిలో నాలుగు వారాల పాటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు చోటివ్వాలి. మొదటి రెండు రోజులు శిక్షణ తప్పనిసరిగా ఉండాలి. సలహాలు ఇవ్వకూడదని, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకూడదని, విన్నది బయట చెప్పకూడదని ముందే గట్టిగా చెప్పాలి. ఈ చివరిది మరీ ముఖ్యం. ఒక శిబిరంలో ఒక విద్యార్థి అర్జీదారులతో సెల్ఫీ దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. గృహహింస గురించి చెప్పుకోవడానికి ఇంట్లో తెలియకుండా వచ్చిన ఒకావిడ ఆ ఫొటోలో ఉంది. వెంటనే తీయించాం గానీ ఆ సాయంత్రమంతా నాకు గుండె దడ తగ్గలేదు. ఇంటర్ చదివే పిల్లలను ఇలాంటి చోట కూర్చోబెట్టవద్దు. లోక్ అదాలత్ రోజున దారి చూపడం, ఫారాలు అందించడం లాంటి పనులు వాళ్లకు చాలు.

ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినోత్సవానికి విద్యార్థులను ర్యాలీకి తీసుకువస్తారు. బ్యానర్ పట్టుకుని నడిచి వెళ్లిపోతారు. ఆ రోజే పేర్లు నమోదు చేసుకుని, వేసవికి పిలుస్తామని చెబితే సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల న్యాయ సేవాధికార సంస్థల వారు ఈ మాట ఆలోచించి, వచ్చే వేసవి సెలవులకు ముందే డిగ్రీ కాలేజీల నోటీసు బోర్డుల్లో ప్రకటన పెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పారా లీగల్ వలంటీర్