అవ్వకు చదివి వినిపించండి

ఆక్స్‌ఫర్డ్,
అక్టోబర్ చివరి ఆదివారం

నాయినకు, అమ్మకు,

ఫోన్లో నా మాట అవ్వకు వినపడటం లేదట. "పిల్ల ఏందో అంటుంది, నాకేం సమజైతలేదు" అని తిట్టుకుంటోందని తమ్ముడు చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. వాడు ప్రింట్ తీసి ఇస్తాడు. నాయినా, నువ్వే కూర్చుని గట్టిగా చదువు. వాడు చదివితే నాలుగు లైన్లకు రెండు మింగేస్తాడు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అవ్వ బాత్రూంలో జారి పడితే నాకు పన్నెండు రోజుల తర్వాత తెలుస్తుందా? దూరాన ఉన్న పిల్లకు టెన్షన్ ఎందుకు అనుకుని ఉంటారు, సరే. కానీ ఇక్కడ నేను రోజంతా చేసేది ముసలివాళ్లను చేయిపట్టి లేపడం, పడిపోకుండా నడిపించడమే. ఎవరి అవ్వకో ఇంత చేస్తూ మా అవ్వ పడిన సంగతి మాత్రం నాకు తెలియకపోతే ఎలా ఉంటుంది? ఇంకోసారి దాస్తే నేను కూడా నా జ్వరాల సంగతి చెప్పను. జ్వరం ఏమీ రాలేదు, మాటవరసకు అన్నాను. అమ్మా, నువ్వు మళ్లీ మొదలుపెట్టకు.

పని బాగానే ఉంది. నైట్ డ్యూటీలు తగ్గాయి. పోయిన నెల జీతం ఆలస్యంగా పడింది, అందుకే పైసలు పంపలేదు. ఈ వారం వేస్తాను.

ఇప్పుడు అవ్వ అడిగిన ప్రశ్న. నేను పంపిన చెరువు ఫోటో చూసి "దీని కింద ఎన్నెకరాల పారకం?" అని అడిగిందట కదా. అవ్వా, ఒక్క గుంట కూడా లేదు. అది చూసుకోవడానికి తవ్వించుకున్న చెరువు.

నాతో పనిచేసే కేరళ అక్కకు, నాకు ఒకేరోజు ఆఫ్ దొరికితే బ్లెనిమ్ ప్యాలెస్ చూసొచ్చాం. బస్సులో అరగంట. టికెట్ ముప్పై పౌండ్ల పైనే, అంటే మూడు వేలు దాటింది. దండగ ఖర్చు అనకండి, ఈ ఏడాదిలో నేను చూసింది ఇదొక్కటే. తిండి ఇంట్లోనే కట్టుకుపోయాం. అక్క లెమన్ రైస్ అంటుంది కానీ అది మన నిమ్మకాయ పులిహోరే, ఆవాలు కాస్త ఎక్కువ.

1704లో ఫ్రెంచి వాళ్ల మీద యుద్ధం గెలిచాడని మార్ల్‌బరో డ్యూక్‌కు ఆన్ రాణి ఈ జాగా ఇచ్చింది. మరుసటేడు ఇల్లు మొదలుపెట్టారు. ఇల్లంటే మనం అనుకునే ఇల్లు కాదు, నూట ఎనభైకి పైగా గదులు. నాయినా, ఇది నీకోసం: ఈ ఎస్టేట్‌కు కౌలు ఏడాదికి ఒక జెండా. ప్రతి ఆగస్టు 13లోపు రాజుగారికి ఒక చిన్న జెండా ఇస్తే సరి, ఈనాటికీ అదే నడుస్తోంది. మన పటేల్‌కు ఈ సంగతి చెప్పు, నాలుగెకరాలకు జెండా తీసుకుంటాడేమో అడుగు.

చర్చిల్ 1874లో పుట్టిన గది కూడా ఇందులోనే ఉంది. ఐదేళ్ల వయసులో కత్తిరించిన ఆయన వెంట్రుకలు అద్దం వెనక దాచారు. బంగారు రంగు ఉంగరాలు. మన పిల్లల వెంట్రుకలు కురుమూర్తి స్వామికి ఇచ్చేసి వస్తాం, వీళ్లేమో దాచుకుని చూపిస్తున్నారు. 1943 బెంగాల్ కరువు నాటికి ఈ దేశానికి ప్రధాని ఆయనే అని నువ్వు చెప్పేవాడివి కదా నాయినా. ఆ వెంట్రుకల ముందు అదే గుర్తొచ్చి ఎక్కువసేపు నిలబడలేకపోయాను. అక్క మాత్రం ఫోటోలు తీసుకుంది.

లోపల నాకు మనసు నిలవలేదు. గోడలకు పరదాలంత పెద్ద పెద్ద బొమ్మలు, తాడు కట్టిన కుర్చీలు, ఎవరూ కూర్చోవద్దని. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌ను పాలిటెక్నిక్ చేస్తే 1959లో నెహ్రూ వచ్చి ప్రారంభించాడని, డ్రాయింగ్ బోర్డు చంకన పెట్టుకుని రాజుగారి మెట్లెక్కేవాళ్లమని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. ఆ మెట్లే నయం అనిపించింది. నువ్వు ఆ మెట్ల మీద కూర్చుని టిఫిన్ తిన్నావు కదా.

బయటికొచ్చాక చెరువు. అవ్వా, నువ్వు నమ్మవు, అది దేవుడు చేసిందేమో అనుకున్నాను. వంపులు తిరిగి, ఒడ్డున చెట్లు పసుపు, ఎరుపు అయిపోయి, ఆ రంగులన్నీ నీళ్లలో పడి. తీరా చూస్తే అంతా మనిషి పనే. అంతకుముందు అక్కడ గ్లైమ్ అనే సన్నని వాగు ఉండేదట. 1760ల్లో బ్రౌన్ అనే తోటల మేస్త్రీ వచ్చి, వాగుకు అడ్డంగా కట్ట పోయించి చెరువు చేశాడు. ఆయన అసలు పేరు లాన్సెలాట్, కానీ ఏ భూమి చూసినా "దీనికి కేపబిలిటీ ఉంది", అంటే బాగుచేసుకునే వీలుంది, అంటాడని జనం కేపబిలిటీ బ్రౌన్ అనేవాళ్లు. కట్టకు ఒక చివర రాళ్ల మీది నుంచి నీళ్లు ఎగిరి పడుతున్నాయి. అందరూ జలపాతం అని ఫోటోలు దిగుతున్నారు. నేను అక్కతో "ఇది అలుగు, అలుగు దుంకుతోంది" అన్నాను. ఆమెకేం అర్థం కాలేదు, పాపం. ఇక్కడ తూము కోసం వెతుక్కునేది నేనొక్కదాన్నే.

బ్రౌన్ పేరు అందరికీ తెలుసు. కట్ట మీద తట్ట మోసినవాళ్ల పేరు ఒక్కటి కూడా నాకు కనపడలేదు. అవ్వా, సాగర్ కట్టేటప్పుడు గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్స్ తీసుకుని నువ్వూ తాతా పోయారు చూడు, నెత్తిన చుట్టబట్ట, దాని మీద తట్ట. నీ మాడు మీద ఆ చోట వెంట్రుకలు పలచగా ఉంటాయి, చిన్నప్పుడు నేను వేలు పెట్టి చూసేదాన్ని. ఆ చెరువు ఒడ్డున బెంచీ మీద కూర్చుని అదే ఆలోచించాను. పులిహోర చల్లారిపోయింది.

అమ్మా, ఆ చెరువు మీద ఒక పెద్ద వంతెన ఉంది. వంతెన లోపల గదులు కూడా కట్టారు. చెరువు నిండేసరికి కింది గదులు మునిగిపోయాయి. 2018లో వంతెన రిపేరుకు నీళ్లు తగ్గిస్తే ఆ గదులు మళ్లీ బయటపడ్డాయి. ఎండాకాలంలో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలోంచి సంగమేశ్వరం గుడి తేలినట్టు. నీకు సోమశిల పోదాం అంటే ఇష్టం ఉండదు, అమ్మమ్మ వాళ్ల ఇల్లు ఎక్కడుందో నీళ్లలో వేలు పెట్టి చూపించాల్సి వస్తుందని. నేను ఈ ముక్క రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఈ మధ్యే ఆ చెరువులో పూడిక కూడా తీశారు. రాజుల చెరువైనా పూడక తప్పదు. మిషన్ కాకతీయలో మన చెరువు మట్టి ట్రాక్టర్లతో తోలించాక రెండేళ్లు మక్క ఎంత బాగా వచ్చింది!

శ్రీరంగాపురం రంగసముద్రం నిండిందా? అలుగు పడితే తమ్ముణ్ని వీడియో పంపమను. ఆ చెరువు కూడా సంస్థానం రాజులదే, కానీ దాని నీళ్లకు పొలం ఉంది. అవ్వకు ఈ మాట రెండుసార్లు చదువు, నవ్వుతుంది.

మోకాలికి ఎక్స్‌రే తీయించారా? ఫిల్మ్ ఫోటో తీసి నాకు పంపండి, ఇక్కడ మా నర్సుకు చూపిస్తాను. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు స్టీల్ రాడ్ పెట్టించండి, ఐదారు వందల పని. పైసలు నేనిస్తాను. దీనికి మాత్రం "చూద్దాంలే" అనొద్దు నాయినా.

అవ్వా, సాగర్ కట్ట మీద నీకు రోజుకు ఎంత ఇచ్చారు? తాతకెంత, నీకెంత? ఎప్పుడూ అడగలేదు. తమ్ముడితో రాయించి పంపు, వాడు మింగకుండా రాస్తాడో లేదో నాయిన పక్కన కూర్చుని చూసుకుంటాడు.

కారం పంపొద్దు, ఇంకా ఉంది. చింతచిగురు ఎండబెట్టినది ఉంటే కొంచెం పంపండి.

మీ పెద్దబిడ్డ