ఎక్స్‌రే చదివిన ఆ డాక్టరు గారికి

నిరుడు హెర్నియా ఆపరేషన్‌కు ముందు మా నాన్నగారికి మామూలుగా తీసిన ఛాతీ ఎక్స్‌రేలో, కుడి కాలర్ బోన్ నీడలో దాదాపు కనిపించకుండా ఉన్న 14 మిల్లీమీటర్ల మచ్చను గుర్తించిన రేడియాలజిస్టు గారికి ఈ కృతజ్ఞతలు. రిపోర్టు కింద మీ సంతకం మాకు అర్థం కాలేదు; తరువాత వెళ్లి అడిగినా మీ పేరు చెప్పగలిగినవారు దొరకలేదు.

నాన్నగారికి అప్పుడు దగ్గు లేదు, ఆయాసం లేదు, బరువూ తగ్గలేదు. ఊపిరితిత్తుల లోపల నొప్పిని తెలిపే నాడులు దాదాపు లేనందువల్ల చిన్న గడ్డ పెరుగుతున్నా మనిషికి తెలియదని, అందుకే తొలి దశ క్యాన్సర్ చాలావరకు ఇలా వేరే పని కోసం తీసిన ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో అనుకోకుండా బయటపడుతుందని, లక్షణాలు కనిపించేసరికి తరచుగా వ్యాధి ముదిరి ఉంటుందని మాకు ఆ తరువాతే తెలిసింది.

మన దగ్గర ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపిస్తే ముందు క్షయ అనుకుంటారు. కళ్లెలో క్రిములు కనబడకపోయినా నెలల తరబడి టీబీ మందులు వాడి, విలువైన కాలం పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. మీరు మాత్రం ముప్పై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషని కాగితంలో చూసి, వెంటనే సీటీ స్కాన్ చేయించాలని రాసి, ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత గీశారు. ఆ గీత లేకపోతే మేము దానిని పట్టించుకునేవాళ్లం కాదు.

బయాప్సీలో క్యాన్సరేనని తేలినా, అది మొదటి దశలోనే ఉన్నందువల్ల ఊపిరితిత్తిలో ఆ భాగాన్ని తీసివేయగలిగారు. నాన్నగారు చుట్ట మానేసి, ఇప్పుడు రోజూ పొద్దున్నే చెరువు గట్టు దాకా నడిచి వస్తున్నారు. ఆ ఎక్స్‌రే ఫిల్మును అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకుంది. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.